యూజెనీ పెట్టిన సంతకం

బాల్జాక్ ‘యూజెనీ గ్రాందే’ (1833) గురించి ఎవరు మాట్లాడినా ఆ పిసినారి తండ్రి దగ్గరే ఆగిపోతారు. నేను మాత్రం కూతురి సంతకం దగ్గర ఆగిపోయాను.

సోమూర్‌లో పీపాలు చేసే పనితో మొదలై ద్రాక్షతోటలు కూడబెట్టిన గ్రాందేకి భార్య చావు కన్నా పంపకమంటేనే వణుకు. ఎందుకంటే ఫ్రెంచి చట్టం ప్రకారం తల్లి ఆస్తి కూతురిది. తల్లి పోయి నల్లబట్టలు కట్టిన రోజే, భోజనాలయ్యాక నోటరీ విషయం ఎత్తుతాడు. యూజెనీ మారుమాట లేకుండా వాటా వదిలేసుకుంటుంది. కేకల్లేవు, బెదిరింపుల్లేవు. నన్ను భయపెట్టింది అదే. పుట్టింటికి రాకపోకలు నిలవాలని హక్కు విడుదల పత్రం మీద సంతకాలు పెట్టే మన అక్కచెల్లెళ్లు గుర్తొచ్చారు. అయితే బాల్జాక్ ఆమెని మరీ దేవతని చేశాడు, అదే నా ఫిర్యాదు.

బదులుగా నెలకి వంద ఫ్రాంకులిస్తానన్నాడు తండ్రి. ఏడాది తిరిగినా చిల్లిగవ్వ ఇవ్వలేదు.