పీఠిక: వ్యోమయానం మొదలు ఫ్లైటు దాకా

ప్రయాణికుల విమానానికీ, దాని అంగోపాంగాలకూ, దాని రాకపోకలకూ తెలుగువారు వాడుకుంటున్న మాటలను ఏర్చి కూర్చిన ఈ పదకోశం వ్రాతప్రతిగా నా చేతికి వచ్చినప్పుడు, దీనిని ఏ వంశంలో నిలిపి చూడాలన్న విచారణే నాకు మొదట కలిగింది. నిఘంటువు అనగానే అమరకోశం, శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు స్ఫురించడం సహజం. అయితే ఈ గ్రంథానికి వాటికన్నా దగ్గరి చుట్టం, ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో వెలువడనారంభించి, ఆ తరువాత చేనేతకు విస్తరించిన మాండలిక వృత్తిపదకోశం. సేద్యగాని నోటినుంచి నాగలి భాగాల పేర్లు రాబట్టిన ఆ పద్ధతినే ఈ గ్రంథకర్త విమానాశ్రయంలో సామాను ఎక్కించి దించే శ్రామికుల వద్ద, టికెట్లు అమ్మేవారి వద్ద, గల్ఫ్ దేశాలకు పోయివచ్చే కరీంనగర్, కోనసీమ, కడప ప్రాంతాల కార్మికుల వద్ద నియమంతో పాటించారు. వేళగాని వేళ విమానాశ్రయాల ముంగిట నిలబడి, ఎవరో ఒకరు అలవోకగా అన్న మాటను ఆ ఉచ్చారణతోనే వ్రాసుకొని, ఇంకొక నోట అదే వినపడేదాకా దానిని గ్రంథంలోకి రానీయకుండా ఆపుకున్న ఈ పరిశ్రమ విలువ, నిఘంటు నిర్మాణంలో చేయి పెట్టినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ రంగంలో తెలుగుకు ఒక విశేష సౌకర్యం ఉంది. యంత్రం మన నేలమీద వాలేనాటికే శబ్దం మన ఇంట సిద్ధంగా ఉంది. అమరసింహుడు స్వర్గవర్గంలో దేవతల వాహనంగా వ్యోమయానాన్నీ విమానాన్నీ పర్యాయపదాలుగా పక్కపక్కన కూర్చోబెట్టాడు. వాటిలో మొదటిది పండితుల నోటనే ఉండిపోగా, రెండవది పుష్పకంతో కలిసి హరికథలలోకీ, యక్షగానాలలోకీ దిగి, పల్లెటూరి పసివానికి కూడా పరిచితమైంది. గర్భాలయంపై నిర్మాణానికీ అదే పేరు. రేణిగుంటలో విమానం దిగి కొండకు చేరిన యాత్రికుడు ఆనందనిలయ విమానంమీద విమాన వేంకటేశ్వరుని దర్శించుకొని నమస్కరిస్తాడు. రెండు విమానాల మధ్య అతనికి ఏ తికమకా కలగదు. ఎందరెక్కినా ఇంకొకరికి చోటుంటుందని పుష్పకానికున్న ఖ్యాతిని మాత్రం మనవారు ఆకాశయానానికి ఇవ్వక, పండుగనాటి ఆర్టీసీ బస్సుకు కట్టబెట్టారు. ఆ హాస్యప్రయోగాన్ని గ్రంథకర్త విడువక చేర్చడం నాకు ఎంతో నచ్చింది.

శాసనభాష దారి వేరు. 1934 నాటి విమాన చట్టపు నిర్వచనం బెలూన్లనూ, గాలిపటాలనూ, గ్లైడర్లనూ సైతం ఒకే గొడుగు కిందికి తెచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2024 చట్టం పేరులోనే వాయుయానం అన్న మాటను ధరించింది. లోకవ్యవహారానికి అంత విస్తృతితో పనిలేదు. యుద్ధవిమానం, సరుకు రవాణా విమానం అని విశేషణం తగిలించి చెప్పవలసినవాటికి తగిలించి, ఏ విశేషణమూ లేని ఒంటరి విమానాన్ని మనుషులు ఎక్కేదానికి ఇచ్చివేసింది. ప్రయాణికుల విమానం అన్న పూర్తి రూపం ప్రమాదవార్తలలోనో, సైనిక విమానంతో పోల్చవలసినచోటనో తప్ప కనబడదన్న గ్రంథకర్త పరిశీలన సమంజసమైనది.

నా దృష్టిలో ఈ గ్రంథానికి ప్రాణప్రదమైనది ‘ఫ్లైటు’ అన్న ఆరోపం కింది వివరణ. ఆంగ్లపదం వచ్చి విమానాన్ని తరిమివేసిందని వాపోయే మిత్రులు దానిని నిదానంగా చదవాలి. పొద్దున హైదరాబాదునుంచి విజయవాడకు పోయి, అక్కడినుంచి మళ్లీ తిరిగివచ్చే విమానం ఒక్కటే. ఫ్లైట్లు రెండు, వాటి నంబర్లు రెండు. ‘ఫ్లైటు తప్పిపోయింది’ అన్నవాడు పోగొట్టుకున్నది యంత్రాన్ని కాదు, ఆ వేళకు సాగవలసిన ప్రయాణాన్ని. ‘ఫ్లైటెక్కాను’ అన్నప్పుడు ఈ భేదం చెరిగిపోతుందన్నది నిజమే. అయినా ‘విమానం తయారుచేశారు’ అనేచోట ఫ్లైటు అని ఎవరూ అనరు. ‘విమానం దిగింది’ అన్న వాక్యంపై చర్చ మరీ రమ్యం: నేలకు వాలింది విమానమా, దానినుంచి దిగివచ్చింది మన అమ్మాయా అన్నది సందర్భమే నిర్ణయించాలి. ఇటువంటి సూక్ష్మం వ్యాకరణ గ్రంథాలు తిరగవేస్తే దొరికేది కాదు. తెలంగాణ పెద్దల గాలిమోటరు, హైదరాబాదు ఉర్దూ వాసనగల హవాయి జహాజు, మన వెనుకటితరం ఏరోప్లేను, వకారం జారిన ఇమానం, ఇవన్నీ తమ తమ స్థానాలలో గౌరవంగా కూర్చున్నాయి.

పేర్లు సామాన్యనామాలైన తీరు మరొక ముచ్చట. బేగంపేటనుంచి డకోటాలు నడిపిన దక్కన్ ఎయిర్‌వేస్ 1953 జాతీయీకరణలో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఆ విమానాల పేరు మాత్రం నేలకు దిగి, కదిలితే కిర్రుమనే ప్రతి పాతబండికీ అంటుకుంది. 1970 జనవరిలో ప్రయాణికులతో ఎగరనారంభించిన బోయింగ్ 747కు లోకం పెట్టిన జంబో అన్న ముద్దుపేరు, లండన్ జంతుప్రదర్శనశాలలో పేరుపొందిన ఏనుగుది. అది మన పత్రికలకు చేరి జంబో మంత్రివర్గం, జంబో కమిటీ అయింది. ఎయిర్‌బస్సు వచ్చాక కూడా ఎర్రబస్సు తన ఎత్తిపొడుపును నిలుపుకొన్నది.

కృతకపదాల విషయంలో గ్రంథకర్త నిగ్రహం మెచ్చదగినది. గగనసఖి పత్రికలలో ఉన్నది, ప్రయాణికుల నోట లేదు. ఆ సంగతి గుర్తు పెట్టి మరీ చెప్పారు. రన్‌వేకు బదులుగా ధావనపథాన్ని రుద్దలేదు. సంస్కృతం చదువుకున్నవాడినైనా ఈ తీర్పుతో నాకు పేచీ లేదు. ఒక్కచోట మాత్రం అసంతృప్తి మిగిలింది. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు బేగంపేటనుంచి శంషాబాదుకు మారాక అక్కడ విమానాలకు మరమ్మతులు చేసే శాలలు వెలిశాయి. రెక్క విప్పి, ఇంజను దించి పనిచేసే తెలుగు కుర్రవాళ్లు ఆ భాగాలను తమలో తాము ఏమని పిలుచుకుంటారో ఈ సంపుటంలో చాలినంత లేదు. అది రెండవ సంపుటానికి మొదటి అధ్యాయం కావాలి. ఆ శాలలలో పనిచేసేవారుగాని, వారి తల్లిదండ్రులుగాని ఈ పుస్తకం చదివితే, ఇందులో లేని మాటలను అవి వాడిన వాక్యాలతో సహా వ్రాసి గ్రంథకర్తకు పంపవలసిందిగా కోరుతున్నాను.