ఊబిలో మామత్, గోడమీద తోడేళ్ళు

లాస్ ఏంజెలెస్ వెళ్ళిన మనవాళ్ళు డిస్నీలాండ్, హాలీవుడ్ చూశాక ఒక పూట మిగిలితే పిల్లల్ని లా బ్రేయా తారుగుంటల దగ్గరికి తీసుకెళ్తారు. అక్కడి చెరువులో 1960ల చివర్లో హోవర్డ్ బాల్ చేసిన శిల్పాలున్నాయి. ఒక మామత్ సగం దిగబడి, బయటికి రాలేక పెనుగులాడుతుంటుంది. ఒడ్డున మరో పెద్ద మామత్, పక్కన గున్న. మొదటిసారి చూసినప్పుడు మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. “నాన్నా, దీన్ని కాపాడ్డానికి ఎవరూ రారా?” అనడిగింది. గజేంద్రమోక్షం కథ వింటూ పెరిగిన పిల్ల మరి. నేను ఐస్‌క్రీమ్ కొనిపెట్టి మాట తప్పించాను.

పసిపిల్ల చేత ఆ ప్రశ్న అడిగించిన శిల్పాన్ని తీసిపారెయ్యలేం. కాని తరవాత మరో రెండుసార్లు వెళ్ళి, మ్యూజియం తీరిగ్గా చూశాక నాకు దానితో పేచీ మొదలైంది.

మొదటిది, ఆ చెరువు. అది పందొమ్మిదో శతాబ్దంలో ఆస్ఫాల్ట్ కోసం తవ్విన గొయ్యి. తరవాత నీళ్ళు నిండాయి. మంచుయుగంలో జంతువుల్ని పట్టుకున్నది ఇంత లోతైన మడుగు కాదు. నేలలోంచి ఉబికివచ్చి, ఆకులూ దుమ్మూ కప్పేసిన పలచటి జిగురు పొర. అవి మునిగి చావలేదు. కాళ్ళు అంటుకుపోయి, నిలబడ్డచోటే ఆకలికో, మరో జంతువు నోటికో బలయ్యాయి.

రెండోది, ఆ కుటుంబం. ఏనుగుల్లో గుంపుని నడిపేది పెద్ద ఆడ ఏనుగు. ఎదిగిన మగవి విడిగా తిరుగుతాయి. మామత్‌లూ అలాగే బతికి ఉంటాయని శాస్త్రజ్ఞుల ఊహ. ఒడ్డున మనం చూసే అమ్మా, నాన్నా, బిడ్డా మన ఇళ్ళలోంచి వెళ్ళినవాళ్ళే.

మూడోదే నా అసలు ఫిర్యాదు. అక్కడ దొరికిన మామత్‌లు కొద్దిపాటివే. పెద్ద జంతువుల్లో నూటికి తొంభై వరకూ మాంసాహారులు. డైర్ వుల్ఫ్ అనే, ఇప్పుడు లేని తోడేలు జాతివే 4,000కి పైగా. కత్తికోరల పులులు 2,000 పైచిలుకు. చిక్కుకున్న ఒక జంతువుని తినబోయి ఇవన్నీ తామూ చిక్కాయి. శిల్పంలో ఒక్క తోడేలైనా లేదు.

మ్యూజియం లోపల ఒక గోడనిండా 400కి పైగా తోడేళ్ళ పుర్రెలు వరసగా అమర్చి, వెనక దీపం పెట్టారు. నా దృష్టిలో అక్కడున్న గొప్ప కళాఖండం అదే. ఇంజనీరు బుద్ధి కదా, లెక్కేశాను. ఆ ఎముకల కాలం దాదాపు 40,000 ఏళ్ళు. అంటే సుమారు పదేళ్ళకో తోడేలు. చూసి జాగ్రత్తపడదామంటే ముందుది పడిన గుర్తు కూడా మిగలనంత అరుదు. మంచి అవకాశం కనిపించింది, అడుగు వేసింది, అంతే. రెండేళ్ళు పనిచేసి వెళ్ళిపోదామని వచ్చి పాతికేళ్ళుగా ఇక్కడే ఉన్న నాకు ఆ గోడ ముందు కాస్త ఇబ్బందిగానే అనిపించింది.

బయటి శిల్పం మనచేత జాలిపడనిస్తుంది, మనం ఒడ్డునే ఉన్నామన్న ధీమా ఇస్తుంది. లోపలి గోడ ఆ ధీమా తీసేస్తుంది. పిల్లల్ని తీసుకెళ్తే మామత్ దగ్గర ఫొటో తప్పకుండా తియ్యండి. కాని అక్కణ్ణించే వెనక్కి రాకండి.