శ్వాస మీద ధ్యాస ఎవరిది?

సికింద్రాబాద్ పెరేడ్ గ్రౌండ్స్ దగ్గర నడక ముగించుకుని ఇంటికొచ్చి, అరగంట కళ్లు మూసుకుని కూర్చోవడం పదేళ్ల అలవాటు. చేసేదల్లా శ్వాస మీద ధ్యాస. అన్నీ పోయినా చూసేవాడొకడు మిగులుతాడని మా గురువుగారి మాట. గాఢనిద్రే దానికి రుజువట. లేచాక "హాయిగా పడుకున్నాను, ఏమీ తెలియలేదు" అంటాం కదా, ఆ తెలియకపోవడాన్ని చూసిందెవరు? సుషుప్తి గురించి వేదాంతులు వేసే పాత ప్రశ్నే. నాకు భలే నచ్చేది.

మొన్న హెర్నియా ఆపరేషన్ దాకా.

మత్తు డాక్టరమ్మ "అంకెలు లెక్కపెట్టండి అంకుల్" అంది. నాలుగు దాకా గుర్తుంది. ఐదుకు బదులు "అయిపోయింది, కళ్లు తెరవండి" అని వినిపించింది. మధ్యలో గంటన్నర! హాయిగా ఉందనడానికీ లేదు, అసలు పడుకున్నట్టే లేదు. మరి నా సాక్షి ఎటు పోయాడు? ఆవిడనే అడిగాను. మత్తుమందు స్పృహను ఎలా ఆపుతుందో సైన్స్ ఇంకా పూర్తిగా తేల్చలేదట. "మీ ప్రతి శ్వాసా చూస్తూనే ఉన్నాను" అంది. నా ధ్యానం ఆవిడ చేసిందన్నమాట.

ఈ ధ్యాసకు మన జంట నగరాల్లో పాత కథే ఉంది. క్లోరోఫాం అనే మత్తుమందు సంగతి తేల్చడానికి 1888లో ఒకసారి, 1889లో మళ్లీ హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ కూర్చుంది. నడిపినవాడు రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ. ఖర్చు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌ది. రెండోసారి లాన్సెట్ వైద్య పత్రిక లండన్ నుంచి డాక్టర్ లాడర్ బ్రంటన్‌ను పంపింది. వందల కుక్కలకు, కోతులకు కూడా మత్తిచ్చి (పాపం, వాటినెవరూ అడగలేదు) తేల్చిందేమిటంటే: ముందు ఆగేది ఊపిరి, గుండె ఆ తర్వాతే. కాబట్టి నాడి కాదు, శ్వాస చూడు. ఇది లారీ ఎడింబరోలో తన గురువు సైమ్ దగ్గర నేర్చిన పాఠమే. గురువాక్యం పట్టుకుని వేలాడేది మా ధ్యానం బ్యాచే అనుకునేవాణ్ణి!

1911లో గుడ్‌మన్ లెవీ అనే డాక్టరు పిల్లుల మీద ప్రయోగాలు చేసి, క్లోరోఫాం తేలికపాటి మత్తులోనే గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోవచ్చని చూపించాడు. లారీ గురువాక్యాన్ని అలా అడ్డంగా ప్రశ్నించినవాడు ఒకడు దొరికాడు. మా గురువుగారిని ఆ గంటన్నర సంగతి నేనింకా అడగలేదు. ఈ ఆదివారం అడుగుతాను.

ఆపరేషన్ అనగానే అందరం సర్జన్ ఎవరని ఆరా తీస్తాం. మత్తు డాక్టరు ఎవరో కూడా కనుక్కోండి.