నల్ల కాగితం మీద గోథమ్

చిన్నప్పుడు కళ్లార్పకుండా చూసిన కార్టూన్‌ను పెద్దయ్యాక మళ్లీ పెట్టుకుంటే చాలాసార్లు నిరాశే మిగులుతుంది. అప్పట్లో ఒళ్లు గగుర్పొడిచిన పోరాటం, నాలుగు బొమ్మల్నే అటు తిప్పి ఇటు తిప్పి వాడిన తంతని తెలిసిపోతుంది. 'బ్యాట్‌మ్యాన్: ది యానిమేటెడ్ సిరీస్'కు ఆ గతి పట్టలేదు. అమెరికాలో ఫాక్స్ కిడ్స్‌లో 1992 సెప్టెంబరులో మొదలై 1995 దాకా 85 భాగాలుగా వచ్చిన ఈ సిరీస్, ముందు వీడియో క్యాసెట్ల మీద, తర్వాత డీవీడీల మీద, 2018లో బ్లూ-రే మీద ఇళ్లకు చేరింది. పాత జ్ఞాపకాలను మళ్లీ మళ్లీ అమ్ముకునే వ్యాపారమని దాన్ని తీసిపారేయడం తేలికే. కానీ ఈ సిరీస్ పనితనం టీవీలో పరుగెత్తిన రోజుల్లో కంటే, కావలసిన చోట ఆపి చూసుకునే వీలున్న డిస్కు మీదే బాగా పట్టుబడుతుందని నా వాదన. ఏది చూపించాలో తెలిసినవాళ్లు చాలామందే ఉంటారు. ఏది దాచాలో తెలిసినవాళ్లు తీసిన కార్టూన్ ఇది.

ఆ దాచడం కాగితంతోనే మొదలైంది. మామూలుగా నేపథ్య చిత్రాలను తెల్ల కాగితం మీద వేస్తారు, రాత్రి కావాలంటే ముదురు రంగులు పూస్తారు. బ్రూస్ టిమ్‌తో కలిసి ఈ సిరీస్‌ను రూపొందించిన ఎరిక్ రాడమ్‌స్కీ దీన్ని తలకిందులు చేసి, నల్ల కాగితం మీద వెలుగు పడే చోట మాత్రమే రంగు వేయించాడు. ఒక కిటికీ, ఒక వీధి దీపం, మేడ అంచున సన్నటి గీత, పైన ఎర్రటి ఆకాశం. మిగతా నగరమంతా కాగితపు నలుపే. ఏదైనా ఒక రాత్రి దృశ్యాన్ని ఆపి చూడండి: వీధి సగానికి పైగా అసలు గీయనే లేదు, అయినా ఊరు మొత్తం చూసినట్టే ఉంటుంది. పాత్రల రూపంలో టిమ్ కూడా ఇదే పొదుపు పాటించాడు. వెడల్పాటి భుజాలు, చదరపు దవడ, వీలైనన్ని తక్కువ గీతలు. ఇందులో అందం ఎంతో అవసరమూ అంతే. బొమ్మల్ని కదిలించే పని జపాన్, కొరియా స్టూడియోలకు వెళ్లేది. గీత పెరిగిన కొద్దీ చేయి మారినప్పుడు తప్పు దొర్లే అవకాశమూ పెరుగుతుంది. వీళ్లకు ఒరవడి 1940ల తొలినాళ్లలో ఫ్లైషర్ స్టూడియో తీసిన సూపర్‌మ్యాన్ లఘు చిత్రాలు. అందుకే కథ జరిగే గోథమ్ నగరపు ఆకాశంలో పోలీసుల గాలి ఓడలు తిరుగుతాయి, టీవీలు నలుపు తెలుపులో వస్తాయి, బ్యాట్‌మ్యాన్ గుహలో మాత్రం కంప్యూటరుంటుంది. 1992 నాటి ఫ్యాషన్‌ను నమ్ముకుని ఉంటే ఈపాటికి వెలిసిపోయేది. ఏ కాలానిదో తేల్చుకోలేని ఊరికి ఆ చిక్కు లేదు.

రెండో కట్టడి చానల్ నుంచి వచ్చింది. పిల్లల కార్యక్రమంలో చావును నేరుగా చూపించకూడదు. 'రాబిన్స్ రెకనింగ్' అనే రెండు భాగాల కథలో మాత్రం సర్కస్‌లో బ్యాట్‌మ్యాన్ సహచరుడు రాబిన్ తల్లిదండ్రులు పడిపోవడమే కథకు మూలం. ఊయల మీద ఊగుతూ వాళ్లు ఫ్రేము దాటిపోతారు. తిరిగి వచ్చేది తెగిన తాడొక్కటే. పడిపోవడాన్ని చూపించి ఉంటే అది ఒక ప్రమాదంలా ముగిసిపోయేది. ఆ ఖాళీ తాడును చూశాక పడిపోవడాన్ని ఊహించుకోవడం మన వంతవుతుంది. ఆ కథ మొదటి భాగానికి 1993లో ఎమీ పురస్కారం వచ్చింది. పాల్ డీని రాసిన 'హార్ట్ ఆఫ్ ఐస్' ఇంకా నచ్చుతుంది నాకు. మంచు తుపాకీ పట్టుకు తిరిగే ఒక చిల్లర విలన్‌కు, నయంకాని జబ్బుతో గడ్డకట్టించిన భార్యనిచ్చి, ఆమెను బతికించుకోవాలన్న ఆశకు గండికొట్టిన కంపెనీ యజమానినిచ్చి, డీని మిస్టర్ ఫ్రీజ్‌ను మనిషిని చేశాడు. ఫ్రీజ్‌కు మాటలు చెప్పిన మైకేల్ అన్సారా ఆ గొంతులో ఏడుపూ పెట్టలేదు, కోపమూ పెట్టలేదు. ఇంత బరువైన కథలో బ్యాట్‌మ్యాన్‌కు జలుబు చేస్తుంది. ఆల్‌ఫ్రెడ్ అనే సేవకుడు ఇచ్చిన ఫ్లాస్కులోని వేడి చికెన్ సూపే చివరికి ఫ్రీజ్ గాజు శిరస్త్రాణాన్ని పగలగొడుతుంది. రాతలో ఇంత తమాయింపు పెద్దల సినిమాల్లోనూ తరచుగా దొరకదు.

ధ్వని గురించి రెండు మాటలు. షర్లీ వాకర్, ఆమె బృందం ప్రతి భాగానికీ వాద్యబృందంతో విడిగా సంగీతం రాసి వాయించారు. ఆండ్రియా రొమానో నటుల్ని వీలైనంత వరకు ఒకే గదిలో కూర్చోబెట్టి గొంతులు రికార్డు చేయించింది. కెవిన్ కాన్రాయ్ బ్యాట్‌మ్యాన్‌కు, మార్క్ హామిల్ జోకర్‌కు మధ్య మాట పడిన వెంటనే మాట లేవడానికి కారణం అదే.

ఇంత మెచ్చుకుంటే అడగవలసిన ప్రశ్న ఒకటి వస్తుంది. బ్లూ-రే స్పష్టత లోపాల్ని కూడా బయటపెట్టదా? పెడుతుంది. బొమ్మలు వేసిన పారదర్శక సెల్ షీట్ల మీది దుమ్ము కనిపిస్తుంది, ఒక భాగంలోని ముఖం ఇంకో భాగంలో ఉండదు. 'ఐవ్ గాట్ బ్యాట్‌మ్యాన్ ఇన్ మై బేస్‌మెంట్' లాంటి భాగాన్ని ఎంత అభిమానమున్నా వెనకేసుకు రాలేం. కానీ ఈ ఎగుడుదిగుళ్లే స్టూడియోల పనితనాన్ని పోల్చి చూసుకునే అవకాశమిస్తాయి. టోక్యో మూవీ షిన్‌షా చేసిన 'ఫీట్ ఆఫ్ క్లే' రెండో భాగం చివర్లో, తాను వేసిన పాత వేషాలన్నీ తెరల మీద ఒక్కసారిగా కనబడి, ఒకప్పటి నటుడైన విలన్ క్లేఫేస్ మట్టి శరీరం అదుపు తప్పి ఒక్కో ముఖంలోకి కరిగి మారే దృశ్యాన్ని, ఏదైనా బలహీనమైన భాగం పక్కన పెట్టి చూస్తే తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు. చిత్రాన్ని నేటి వెడల్పాటి తెరకు సరిపోయేలా కత్తిరించకుండా పాత 4:3 కొలతలోనే ఉంచడం కూడా సబబే. పక్కల నల్ల పట్టీలు కొందరికి చికాకు కావచ్చు గానీ, తలా కాళ్లూ కత్తిరించిన బ్యాట్‌మ్యాన్ కంటే నయం.

అసలు అభ్యంతరం ఇంకా లోతైనది: ఇదంతా బాల్యం మీద బెంగే కదా, కళ పేరు పెట్టుకోవడమెందుకని. సిరీసే దీన్ని ముందుగా ఎత్తుకుంది. 1992లోనే వచ్చిన 'బివేర్ ద గ్రే గోస్ట్'లో బ్రూస్ వేన్ (ముసుగు తీసిన బ్యాట్‌మ్యాన్) చిన్నప్పుడు ఆరాధించిన టీవీ హీరో సైమన్ ట్రెంట్, పనిలేక పాత సామాను అమ్ముకుని బతుకుతుంటాడు. ట్రెంట్ గొంతు 1960ల టీవీ బ్యాట్‌మ్యాన్ ఆడమ్ వెస్ట్‌ది. నగరంలో పేలుళ్లు ఆ పాత సిరీస్‌లోని ఒక కథను పోలి ఉండటంతో, బ్యాట్‌మ్యాన్ ట్రెంట్‌ను వెతుక్కుంటూ వెళ్లి ఆ రీలు మళ్లీ చూస్తాడు. కథ చివర ఆ సిరీస్ హోమ్ వీడియోగా విడుదలవుతుంది, బ్రూస్ వెళ్లి సంతకం చేయించుకుంటాడు. కానీ బాంబులు పెట్టిందెవరు? బొమ్మల దుకాణం నడిపే టెడ్ డైమర్. రిమోట్ బొమ్మ కార్లలో పేలుడు పదార్థాలు పెట్టి, నగరాన్ని బెదిరిస్తే వచ్చే డబ్బుతో ఇంకా బొమ్మలు కొనాలన్నది వాడి ఆశ. ఇద్దరూ చిన్నప్పటి ఇష్టాన్ని వదులుకోలేనివాళ్లే. ఒకడికి రీలులోని కథ కావాలి, ఇంకొకడికి అలమర నిండాలి. డైమర్‌కు గొంతు అరువిచ్చింది బ్రూస్ టిమ్మే.