కాలు తీయడమే కష్టం

కొలరాడోలో ఐ-70 హైవే మీద పడమటికి వెళ్తుంటే ఐసెన్‌హోవర్ సొరంగం దాటగానే దిగుడు మొదలవుతుంది. సొరంగం పడమటి ద్వారం 11,158 అడుగుల ఎత్తున ఉంది. అక్కణ్ణుంచి సిల్వర్‌థార్న్ దాకా ఎనిమిది మైళ్లు, 7 శాతం వరకూ వాలు. బ్రేకులు పోయిన లారీలు ఎక్కి ఆగడానికి రోడ్డు పక్కన ర్యాంపులు కూడా కట్టి ఉంచారు. మా నలభై అడుగుల మోటార్ హోమ్‌ని మొదటిసారి ఆ దారిన దించినప్పుడు కారు నడిపినట్టే నడిపాను, పెడల్ మీద కాలు మెత్తగా ఆనించి, తియ్యకుండా. సగం దూరం కూడా దిగలేదు, మా ఆవిడ వెనక వంటగది వైపు తిరిగి చూసింది. "స్టవ్ కట్టేశాను కదండీ, ఈ మాడు వాసనేంటి?"

మాడింది బ్రేకు లైనింగు.

మెత్తగా తొక్కితే బ్రేకుకు శ్రమ తక్కువని మన కాలికి ఓ నమ్మకం. పదిహేను టన్నులు దాటిన బండికి ఆ లెక్క పనికిరాదు. ఎడతెగని రాపిడికి డ్రమ్ము వేడెక్కి సాగి, షూలకు దూరమవుతుంది. అప్పుడిక ఎంత తొక్కినా పట్టు దొరకదు. ఆ తర్వాత ఒక పాత లారీ డ్రైవరు పక్కన కూర్చుని నేర్పాడు. దిగుడు రాకముందే వేగం తగ్గించి, చిన్న గేరులోకి దించి, ఎగ్జాస్ట్ బ్రేకు వేసుకోవాలి (రోడ్డు మంచుతో జారుతుంటే మాత్రం అది వద్దు). బండిని పట్టి ఉంచాల్సింది ఇంజను. 40 మైళ్లు హద్దనుకుంటే, ముల్లు 40కి రాగానే గట్టిగా తొక్కి, మూడు సెకన్లలో 35కి దించి, కాలు పూర్తిగా తీసెయ్యాలి. మళ్లీ 40 అయ్యేదాకా పెడల్ ముట్టకూడదు. ఆ తీసెయ్యడం ఉందే, అది ఒంటబట్టడానికి నాకు రెండు వేసవులు పట్టింది.

మా బండివి గాలితో పనిచేసే బ్రేకులు. "గాలి అయిపోతే బ్రేకులు పడవా?" అని మా ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ అడుగుతారు. పార్కింగ్ బ్రేకు వేసేది గాలి కాదు, బలమైన స్ప్రింగులు. గాలి వాటిని నొక్కి పెట్టి ఉంచుతుంది, అంతే. కంగారుపడి టపటపా తొక్కితే ట్యాంకులు ఖాళీ అవుతాయి. 60 పీఎస్‌ఐ దగ్గర బజర్ మోగుతుంది. 45కీ 20కీ మధ్య ఎక్కడో స్ప్రింగులు వాటంతటవే పట్టేస్తాయి. అదే రక్షణ అని ధీమాగా ఉండకండి, అవి పట్టుకోవాల్సిందీ ఆ కాలిన డ్రమ్ములనే. పైగా తొక్కిన గాలి చక్రం దాకా చేరడానికి అరసెకను కంటే కాస్త తక్కువ పడుతుంది. 55 మైళ్ల వేగంలో ఆ కాసేపట్లోనే బండి 32 అడుగులు ముందుకు పోతుంది. ముందున్న కారుకు ఎంత దూరంలో ఉండాలో ఈ లెక్క గుర్తుంచుకుని చూసుకోండి.

ఇంకొక్క మాట. కిందికి దిగి ఆపగానే అలవాటుగా పార్కింగ్ బ్రేకు పసుపు బొత్తాం లాగెయ్యకండి. బాగా వేడెక్కిన బ్రేకుల మీద స్ప్రింగులు పడితే ఆ బ్రేకులు పాడవుతాయి. సమంగా ఉన్న చోట ఆపి, చక్రాలకు చెక్కలు పెట్టి చల్లారనివ్వండి. మా బండిలో చెక్కలు తలుపు పక్కనే ఉంటాయి. వాటిని పెట్టేది మా ఆవిడ. ఆవిడ చెయ్యి ఊపేదాకా నా కాలు పెడల్ మీద నుంచి కదలదు.