ప్రొద్దుటూరి పసిడి బజారు

పెన్నానది ఉత్తరపుటొడ్డున వెలసిన ప్రొద్దుటూరునకు రెండవ బొంబాయి యనియు పసిడిపురి యనియు పేరు వచ్చుటకు అచ్చటి వర్తకుల ధనబలమే కారణమని పలువురు తలంచుచున్నారు గాని, ఆ కీర్తిలో సగమునకు మించిన భాగము అంగళ్ల వెనుకటి ఇరుకు సందులలో కుంపటి ముందు వంగి కూర్చున్న కంసాలిదని నా దృఢవిశ్వాసము. చిలమకూరు, ఎర్రగుంట్ల వైపు రైతు కుటుంబములవారు ఇంట పెండ్లి కుదిరినంతనే పెన్న దాటి ఈ బజారునకు వచ్చుట తరతరముల వాడుక. అద్దపు బీరువాల ముందు నిలిచి మురిసిపోవు ఆ జనము నాలుగడుగులు ముందుకు వేసి సందులోనికి తొంగిచూచిన, అసలు బజారు అచ్చట కనబడును.

కుంపటి, మూస, ఊదుగొట్టము, దాగలి, చిన్న సుత్తెలు, పటకారులు, ఆకురాళ్లు, కమ్మచ్చు — కంసాలి సంపద యింతే. మూసలో కరగిన బంగారమును కడ్డీగా పోసి, సాగగొట్టి, కమ్మచ్చులోని పెద్ద బెజ్జమునుండి చిన్న బెజ్జమునకు వరుసగా లాగుచు, నడుమ నడుమ కాల్చి మెత్తపరచుచు, కంటికి ఆననంత సన్నని తీగను తీయును. ఆ తీగతో అల్లిన మేలైన నానుతాడును పిడికిట ముడిచి విడిచినను ఎచ్చటను మెలిపడదు. మెడమీది నూగు వెండ్రుక యొక్కటియు దానిలో చిక్కదు. అతుకు వేయు ఘడియ మరింత దర్శనీయము. వెలిగారము పూసి, అతుకుపొడి చల్లి, దీపజ్వాలను ఊదుగొట్టముతో నగమీదికి మరల్చి, బుగ్గలలో గాలి నిలిపి ముక్కుతో ఊపిరి తీయుచు, జ్వాల తెగకుండ ఊదును. క్షణము ముందైన అతుకు పట్టదు. క్షణము జాగైన తీగయే కరగిపోవును. ఆ క్షణమును అతడు గడియారమున చూడడు, కాగుచున్న లోహపు వన్నెలో చూచును. ఇట్టి చూపు ఏ పాఠశాలలో నేర్పగలరు?

రవ్వపని సంగతి చెప్పకుండ ఉండలేను. తునకలుగా కత్తిరించిన బంగారపు తీగను బొగ్గుపై వేడిచేయగా, ప్రతి తునకయు కరగి తనంతట తాను గుండ్రని పూసయగును. ఆవగింజకన్నను చిన్నవగు ఆ పూసలను ఒక్కొక్కటిగా కుంచెతో ఎత్తి, పాపిడిబిళ్ళ అంచున వరుస తీర్చి, ఒక్క ఊదుతో అన్నిటిని అతికించు చేతికి నేను వేయి నమస్కారములు చేయుదును. జూకాలు, వంకీలు, చంద్రహారము, జడబిళ్ళ, అన్నిటను ఈ చేతి మహిమయే. పని ముగిసిన నగ పులుసులో ఉడికి, కుంకుడురసముతో తోమబడి వెలుగు చూచును. నేలరాలిన రజనునకై ఆ సందు మట్టిని జలగడుగువారు కొని పోయెడివారు.

పసిడిపనిలో నేర్పరులు ఇతర దేశములందును కలరు. పశ్చిమాఫ్రికాలో ఘానా దేశపు కుమాసి నగరమేలిన అసాంతే జాతి కంసాలులు మైనపు బొమ్మకు మట్టి పొదిగి, మైనమును కరగించి, ఆ ఖాళీలో లోహము పోయుటలో ఆరితేరినవారు. పసిడి రజనును తూచుటకు చేపలు, పక్షుల రూపములలో ఇత్తడి తూనికలను పోసినవారు. మనవారికి గురివింద గింజ చాలెను. వారి ప్రజ్ఞ గొప్పదే, కాదనను; అయినను మన రవ్వపనిని చూచిన కన్నులకు మరేదియు ఆనదు.

చరిత్ర మాటకు వత్తుమా, కంసాలియైన అభిరాముని సాంగత్యమువలననే వేమన యోగియయ్యెనని జనశ్రుతి. కడపసీమ కందిమల్లాయపల్లెలో సమాధి చెందిన వీరబ్రహ్మేంద్రస్వామిని ఈ వృత్తివారు ఇలవేల్పుగా కొలుతురు. 1513లో తిరుమలేశునకు నవరత్నకిరీటము సమర్పించిన కృష్ణదేవరాయల నామము లోకమెరుగును. దానిని చేసిన చేతుల నామమును తలచువారెవరు?

అనాదరము నాటితో తీరలేదు. 1963 జనవరిలో కేంద్ర ప్రభుత్వము బంగారు నియంత్రణ నిబంధనలు విధించి, పదునాలుగు కారెట్లకు మించిన వన్నెతో కొత్త నగ చేయరాదనగా, దేశమంతట కంసాలుల కుంపట్లు చల్లారినవి, అనేకులు ఆత్మహత్య చేసికొనిరి. ఆ వన్నె నియమము కొంతకాలమునకు సడలినను, 1968లో చట్టరూపము దాల్చిన నియంత్రణ 1990లో గాని తొలగలేదు. అంతలో యంత్రములు వచ్చినవి. రబ్బరు మూసలో మైనము పోసి ఒకే అచ్చున నూరు కమ్మలు తీసిన పోతపని నగలు, యంత్రమల్లిన గొలుసులు అద్దపు బీరువాలను ఆక్రమించినవి. రాగిపై పసిడిపూత పూసి ‘వన్ గ్రామ్ గోల్డ్’ అను ఆ తళుకును వడ్డాణమని నడుమునకు చుట్టుకొనుట చూచిన నా కడుపు మండిపోవును. లేనివారు కట్టుకొన్న తప్పులేదు. ఉన్నవారే బంగారమును బ్యాంకులో దాచి నకలును ధరించుచున్నారే! 2021లో హాల్‌మార్కు నిర్బంధమైనది; మంచిదే, మోసము తగ్గును. అయినను ఆ ముద్ర వన్నెను చెప్పును గాని, పనివానిని చెప్పదు. పెద్ద దుకాణమున శాతముల లెక్కన తరుగు వేసినను మారుమాటాడక చెల్లించువారు, సందులోని కంసాలి అడిగిన మజూరికి మాత్రము గంటసేపు బేరమాడుదురు.

అయ్యా, అమ్మా, మీకు చేతులెత్తి మ్రొక్కి అడుగుచున్నాను. మీ ఇంట వచ్చు ముహూర్తమునకు తక్కిన నగలు ఎచ్చట కొన్నను కొనుడు. పుస్తెలు మాత్రము ఆ సందులోనికి పోయి, కంసాలి ఎదుట కూర్చుండి చేయించుడు. వెనుకటివలె ఆతనికి స్వయంపాకమును, తాంబూలమును, క్రొత్తబట్టలును ఇండు. ఆ ఒక్క దినము మజూరికి బేరమాడకుడు. వీలైనచో మీ పిల్లలను వెంట తీసికొనిపోయి, ఆతడు అతుకు వేయునప్పుడు దగ్గరనుండి చూడనిండు.