కిక్కు కొట్టేముందు

మేనమామ గారి వడ్లకొట్టులో గోనెసంచుల వెనక ఇరవై రెండేళ్లుగా నిలబడి ఉన్న 1970 మోడల్ జావాను బయటికి లాగిన రోజున, ఈ కాలమిస్టు ముందూవెనకా చూడకుండా కిక్కు కొట్టబోయాడు. మెకానిక్ చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆగండి సార్! రింగులు సిలిండరుకి పట్టేసి ఉంటాయి. ఇప్పుడు తంతే విరుగుతాయి. ముందు ప్లగ్గు తీయాలి.”

ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో కాస్త డీజిలు, కాస్త ఇంజనాయిలు కలిపి పోసి, నాలుగు రోజులు ముట్టుకోవద్దన్నాడు. రిపేరు పని అలా చేతులు కట్టుకు కూర్చోవడంతో మొదలైంది.

ఇది మైసూరు బండి. చెకోస్లొవేకియా జావా డిజైన్లను లైసెన్సు మీద ఇక్కడ తయారు చేయడానికి రుస్తుం ఇరానీ, ఫరూఖ్ ఇరానీ 1960లో ఐడియల్ జావా కంపెనీ పెట్టారు. మరుసటి ఏడు మైసూరు ఫ్యాక్టరీని అప్పటి గవర్నరు జయచామరాజేంద్ర వడయారు ప్రారంభించారు. 1973 నుంచి బండ్లు యెజ్దీ పేరుతో వచ్చాయి. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. జావా అనగానే ఇండోనేషియా దీవి గుర్తుకొస్తుంది గానీ, దానికీ దీనికీ చుట్టరికం లేదు. బండి తయారుచేసిన జానెచెక్ పేరులోని ‘జా’, అతను లైసెన్సు కొన్న వాండరర్ కంపెనీ పేరులోని ‘వా’ కలిస్తే జావా.

అయిదో రోజున పిస్టన్ కదిలింది. హమ్మయ్య అనుకునేలోపే మెకానిక్ అసలు సంగతి చెప్పాడు: ఆయిల్ సీళ్లు.

టూస్ట్రోక్ ఇంజనులో క్రాంక్‌కేసు ఒక పంపులాంటిది. పిస్టన్ కిందికి దిగుతూ అక్కడున్న పెట్రోలు, గాలి మిశ్రమాన్ని పైకి తోస్తుంది. అందుకని అది ఎక్కడా గాలి పీల్చకూడదు. క్రాంకుకి రెండు వైపులా ఉండే రబ్బరు సీళ్లు ఏళ్ల తరబడి ఎండితే అప్పడాల్లా పెళుసెక్కుతాయి. డైనమో వైపుది పోతే బయటి గాలి చొరబడి, మిశ్రమం పలచబడి, ఇంజను కాగి జాం అవుతుంది. క్లచ్చు వైపుది పోతే గేర్‌బాక్సులోని ఆయిల్‌ని ఇంజనే తాగేసి వీధంతా తెల్లటి పొగ వదులుతుంది. సీళ్ల ఖరీదు తక్కువే. వాటిని మార్చడానికి ఇంజను విప్పడమే పెద్ద పని.

విప్పాక తక్కినవీ బయటపడ్డాయి. కార్బురేటర్ జెట్లలో పాత పెట్రోలు బంకలా గట్టిపడి ఉంది. ఒక సైలెన్సరులో కందిరీగ మట్టిగూడు. ట్యాంకులో తుప్పు. వెనిగర్ పోసి, గుప్పెడు నట్లు వేసి, రెండు రోజులపాటు వచ్చేపోయేవాళ్లందరి చేతా ఊపించి, చివరికి వంటసోడా నీళ్లతో కడిగారు. 65 మిల్లీమీటర్ల సిలిండరు గోడ మీద గీతలు పడ్డాయి. విజయవాడ ఆటోనగర్‌లో బోరు చేయించి, ఒక సైజు పెద్ద పిస్టన్ వేయించాల్సి వచ్చింది.

అంతవరకూ పేచీ లేదు. పేచీ కరెంటు దగ్గర వచ్చింది.

పాత జావాకి ఉన్నది ఆరు వోల్టుల డైనమో. బ్యాటరీ చచ్చుబడితే ప్లగ్గులో నిప్పురవ్వే రాదు. హెడ్‌లైటు వెలుగు కిరసనాయిలు బుడ్డి కంటే ఒక పిసరు ఎక్కువ. పాయింట్లు మాటిమాటికీ గీకి, గ్యాపు సరిచూడాలి. అదంతా తీసేసి పన్నెండు వోల్టుల ఆల్టర్నేటరు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టేద్దామని మెకానిక్. మామయ్య బండి మామయ్య బండిలాగే ఉండాలని కాలమిస్టు.

మాట ప్రభుత్వ నిబంధనల దాకా వెళ్లింది. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉన్న బండిని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. అయితే ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, రిపేరుకీ తప్ప రోజూ తిప్పడానికి లేదు. కాలమిస్టుకేమో రోజూ పాలకేంద్రం దాకానైనా వెళ్లాలని ఉంది.

చివరికి రాజీ కుదిరింది. కోతా వెల్డింగూ లేకుండా, మళ్లీ విప్పి పాతది బిగించగలిగిన మార్పులే చేయాలి. ఆ లెక్కన కొత్త ఇగ్నిషన్ వచ్చింది, డైనమో బిస్కెట్ల డబ్బాలోకి వెళ్లింది. బంకుల్లో ఇప్పుడు పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు కాబట్టి, దానికి తట్టుకునే పైపులు వేశారు. ఇథనాల్ తేమను పీలుస్తుంది గనక ట్యాంకులో నెలల తరబడి పెట్రోలు నిలవ ఉంచవద్దని మెకానిక్ రెండుసార్లు చెప్పాడు. మెరూన్ రంగునీ, జంట సైలెన్సర్లనీ, కిక్ రాడ్డునీ ఎవరూ ముట్టుకోలేదు.

ఈ బండికి గేరు రాడ్డూ కిక్ రాడ్డూ ఒకటే. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, కిందికి దించితే గేరు. మూడో తన్నుకి ఇంజను అందుకుంది. కొట్టు ముందు పొగ కమ్మింది, కోళ్లు చెల్లాచెదురయ్యాయి. కాలమిస్టు సీటెక్కి దర్జాగా మొదటి గేరు కోసం కాలు చాపాడు. అక్కడేమీ తగల్లేదు. మళ్లీ వెతికాడు.

“రాడ్డు దించండి సార్,” అన్నాడు మెకానిక్, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ.